ఇష్టమైన గేమ్ సిరీస్‌పై విసుగు పుట్టినప్పుడు

ప్రశ్న: చరిత్రలోని నగరాలలో చాటుగా వేటాడే ‘అసాసిన్స్ క్రీడ్’ వీడియో గేమ్ రెండో భాగంతో 2009లో మొదలుపెట్టి, ఆ సిరీస్‌లో వచ్చిన ప్రధాన భాగాలన్నీ వరుసగా ఆడుతూ వచ్చాను. ‘వాల్‌హల్లా’ అనే భాగం సగంలో ఆగిపోయింది. ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టినా గంట తిరగకముందే కంట్రోలర్ పక్కన పెట్టేస్తున్నాను. కొత్త భాగం ‘షాడోస్’ విడుదలైన వారంలోనే కొన్నాను కానీ, మ్యాప్ తెరవగానే నీరసం వచ్చింది. స్నేహితులు ‘కొత్తొక వింత, పాతొక రోత’ అని కొట్టిపారేస్తున్నారు. మా తమ్ముడు మాత్రం ‘షాడోస్’తోనే ఈ సిరీస్‌లోకి అడుగుపెట్టి పొద్దస్తమానం దాని గురించే మాట్లాడుతున్నాడు. వాడి ఉత్సాహం చూస్తే లోపం నాలోనే ఉందేమో అనిపిస్తోంది. నాకు వయసు మీద పడిందా, గేమే చప్పబడిందా? ఆగిపోయిన ఆటను పూర్తి చేయాలా, ఇన్నేళ్ల అనుబంధాన్ని ఇక్కడితో వదిలేయాలా? తమ్ముడితో ఏం మాట్లాడాలో కూడా తెలియడం లేదు. — ఒక పాఠకుడు

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ‘మ్యాప్ తెరవగానే నీరసం వచ్చింది’ అన్నది. ఆట బాగాలేక విసిగినవారు ఆడిన తర్వాత విసుగుతారు. మీరు ఆడకముందే అలసిపోతున్నారు. మ్యాప్ మీద కనిపించే ప్రతి గుర్తు వెనుక ఏ పని ఉందో, దానికి ఎంత సమయం పడుతుందో, చివరికి చేతికి ఏమి దక్కుతుందో మీ మనసు ముందే లెక్క కట్టేస్తోంది. పదిహేనేళ్లకు పైగా ఒకే తరహా ఆటను శ్రద్ధగా ఆడినవారికి ఆ లెక్క తప్పదు, పైగా అది చాలావరకు సరైన లెక్కే. కాబట్టి మీలో లోపం వెతుక్కోవలసిన పని లేదు. మీ తమ్ముడికి ఆ గుర్తులు ఇంకా తెలియని సంగతులు. మీకు అవి ఎప్పుడో తెలిసిపోయినవి. ఇద్దరూ ఒకే తెరను చూస్తున్నా ఇద్దరూ ఆడుతున్న ఆట ఒకటి కాదు.

అయినా వయసు సంగతిని ఊహతో తేల్చేయకుండా పరీక్షించి చూసుకోవడం మంచిది. ఒక సాయంత్రం ‘అసాసిన్స్ క్రీడ్’ రెండో భాగాన్నే మళ్లీ పెట్టి, ఫ్లోరెన్స్ మిద్దెల మీద కాసేపు తిరగండి. మరో సాయంత్రం ఈ సిరీస్‌తో ఏ సంబంధమూ లేని, మీరు ఎన్నడూ ముట్టుకోని తరహా గేమ్ ఒకటి ప్రయత్నించండి. రెండూ నచ్చితే మీ ఆసక్తి చెక్కుచెదరలేదని, విసుగల్లా ఈ సిరీస్ ఇటీవల పట్టిన దారి మీదేనని తేలుతుంది. పాతది చప్పగా అనిపించి, కొత్త తరహా మాత్రం మిమ్మల్ని కట్టి కూర్చోబెడితే, ఈ రకం ఆటతో మీకు తనివి తీరిందనుకోవాలి. అలా కాకుండా ఏ ఆటా, ఏ పుస్తకమూ, ఏ సంగీతమూ, మనుషుల సాంగత్యమూ రుచించని స్థితి వారాల తరబడి కొనసాగుతుంటే అది గేమ్‌లకు సంబంధించిన సంగతి కాదు, వైద్యుడితో మాట్లాడవలసిన సంగతి. మీ ఉత్తరం ధోరణి చూస్తే మీరు ఆ స్థితిలో ఉన్నట్టు నాకు తోచలేదు గానీ, ఈ మాట చెప్పకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

మీ స్నేహితులు చెప్పిన సామెత మీకు వర్తించదు. అదే నిజమైతే మీకు రెండో భాగం రోత పుట్టించాలి, ‘షాడోస్’ వింతగా తోచాలి. మీ విషయంలో జరిగింది దానికి పూర్తిగా తలకిందులుగా ఉంది.

ఇటువంటి అలసటకు కారణం ‘చేసిందే చేయడం’ అని చాలామంది చెబుతారు. ఆ నిర్ధారణతో నేను ఏకీభవించను. చదరంగంలో గళ్లూ పావులూ శతాబ్దాలుగా అవే ఉన్నా ఆడేవారికి విసుగు రాదు. గేమ్‌లలోనే ఉదాహరణ కావాలంటే, 2016లో వచ్చిన ‘హిట్‌మ్యాన్’లో శాపియెంజా అనే ఇటలీ తీరపట్టణం ఉంది. పట్టణం అదే, భవంతి అదే, మట్టుబెట్టవలసిన మనుషులూ వారే. అయినా దాన్ని ఆటగాళ్లు మళ్లీ మళ్లీ మొదటినుంచి ఆడతారు. ఎందుకంటే ఈసారి వంటవాడి వేషంలో లోపలికి వెళ్లాలా, గోడ దూకాలా, కాపలావాడు పక్కకు తిరిగేదాకా వేచి ఉండాలా అన్న నిర్ణయం ప్రతిసారీ ఆటగాడిదే. చేసే పని పాతదైనా నిర్ణయం కొత్తగా తీసుకోవలసి వస్తే మనసు మేల్కొనే ఉంటుంది. నిర్ణయం తప్పుకుని కేవలం చేతుల అలవాటు మిగిలినప్పుడు అలసట మొదలవుతుంది. దీర్ఘకాలంగా నడుస్తున్న సిరీస్‌ల మీద ఆటగాళ్లకు కలిగే విసుగులో అత్యధిక భాగానికి మూలం ఇక్కడే ఉందని నా దృఢమైన అభిప్రాయం.

మీకు బాగా పరిచయమైన గోపురం ఎక్కే ఘట్టాన్నే తీసుకుని చూద్దాం. ఊరిలో అన్నిటికన్నా ఎత్తైన కట్టడం ఎక్కుతారు, కొసన నిలబడి ఒక బటన్ నొక్కుతారు, కెమెరా మీ చుట్టూ నెమ్మదిగా తిరుగుతుంది, గద్ద అరుపు వినిపిస్తుంది, మ్యాప్ మీద గుర్తులు ఒక్కసారిగా వెలుగుతాయి, ఆపైన కింద ఉన్న గడ్డిబండిలోకి దూకుతారు. 2007లో మొదటి భాగంలో ఇది ఒళ్లు గగుర్పొడిచే అనుభవం. పైకి వెళ్లడానికి దారి వెతకాలి. చేతికి ఏ ఇటుక అందుతుందో, ఏ కిటికీ అంచు నుంచి ఏ అంచుకు చేరవచ్చో కళ్లతో చదవాలి. ఒకచోట దారి మూసుకుపోతే కట్టడం చుట్టూ తిరిగి మరో పక్క నుంచి ప్రయత్నించాలి. రెండో భాగంలో వెనిస్ చేరిన తర్వాత కథానాయకుడు ఎజియో పైకి ఎగిరి అందుకునే కొత్త పద్ధతి నేర్చుకుంటాడు. అంతవరకు అందని ఎత్తులు అప్పటినుంచి అందుతాయి కాబట్టి, ఎక్కడమే ఒక విద్యగా పెరుగుతున్న భావన కలుగుతుంది. ఇక 2017లో ‘ఆరిజిన్స్’ నుంచి చూస్తే దాదాపు ఏ గోడనైనా, ఏ కొండచరియనైనా నేరుగా ఎక్కేయవచ్చు. కంట్రోలర్ స్టిక్ పైకి పట్టుకుని ఉంటే చాలు, పాత్ర తనంతట తానే పైకి చేరుతుంది. స్వేచ్ఛ పెరిగిన మాట వాస్తవమే కానీ, ఎక్కేటప్పుడు ఆటగాడు ఆలోచించవలసింది ఏమీ మిగలలేదు. గోపురం అలాగే ఉంది, గద్ద అలాగే ఉంది, గడ్డిబండి కూడా ఉంది. మధ్యలో మీరు చేసే ఎంపిక మాత్రం లేదు. మీకు తెలియకుండానే మీ మనసు గమనించినది ఈ లోటునే.

మరో కోణం కూడా చెప్పాలి, ఎందుకంటే ఏరుకునే వస్తువుల విషయంలో ఈ సిరీస్ తన మొదటి రెండు భాగాలలోనే తప్పునూ దిద్దుబాటునూ చూపించింది. మొదటి భాగంలో 420 జెండాలు దాచిపెట్టారు. అవన్నీ ఏరినా ఆట లోపల దక్కేది ఏమీ లేదు, కథలో వాటి ఊసే లేదు. రెండో భాగంలో 100 ఈకలు పెట్టారు. ఎజియో చిన్న తమ్ముడు పెత్రూచో ఈకలు పోగుచేసేవాడు. వాడు ఉరికంబం పాలయ్యాక తల్లి మాట పడిపోయినట్టు మౌనంగా ఉండిపోతుంది. ఎజియో తెచ్చిన ఈకలు ఆమె గదిలోని పెట్టెలో చేరుతుంటాయి, అన్నీ చేరిన తర్వాత ఆమె తిరిగి నోరు విప్పుతుంది. రెండింటిలోనూ చేతులు చేసే పని ఒక్కటే, మిద్దెల మీద తిరిగి మెరిసే వస్తువును తీసుకోవడమే. అయితే రెండోదానికి ఒక ‘ఎందుకు’ ఉంది. తరువాతి కాలంలో మ్యాప్‌లు విస్తరించిన కొద్దీ ఈ ‘ఎందుకు’ పలచబడుతూ వచ్చింది. ‘వాల్‌హల్లా’ మ్యాప్‌లో బంగారు చుక్క అంటే సంపద, నీలి చుక్క అంటే వింత సంఘటన, తెల్ల చుక్క అంటే సేకరణ వస్తువు. నీలి చుక్కల వెనుక కొన్ని చోట్ల చక్కని చిన్న కథలు ఉన్నాయని ఒప్పుకుంటూనే అంటాను: మనుషుల సంగతులను మూడు రంగుల చుక్కలుగా విడగొట్టి చూపితే, ఆటగాడు వాటిని కథలుగా కాక బాకీలుగా చూడడం మొదలుపెడతాడు.

ఇదంతా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మీకు కొంత మనశ్శాంతి కలుగుతుంది. పేరున్న సిరీస్‌లో మరో భాగం తీయడం ప్రచురణ సంస్థకు అన్నిటికన్నా క్షేమమైన పెట్టుబడి. పేరు జనానికి తెలుసు, సాంకేతిక పునాది సిద్ధంగా ఉంటుంది, పనిచేసేవారికి పద్ధతి తెలుసు. అందుకే 2009 నుంచి 2015 వరకు ఏడేళ్లపాటు ఈ సిరీస్‌లో ఏటా ఒక ప్రధాన భాగం తప్పకుండా వచ్చింది. 2014లో అయితే ‘యూనిటీ’, ‘రోగ్’ ఒకే రోజున విడుదలయ్యాయి. ‘యూనిటీ’ ఎన్ని లోపాలతో వచ్చిందో మీరు ఆడే ఉంటారు కాబట్టి మీకు తెలుసు. ముఖాల మీద చర్మం లేక కళ్లూ పళ్లూ మాత్రమే కనిపించిన పాత్రల బొమ్మలు అప్పట్లో లోకమంతా తిరిగాయి. ఆ తర్వాత దాని అదనపు అధ్యాయాన్ని ఈ సిరీస్ ప్రచురణ సంస్థ యూబీసాఫ్ట్ ఉచితంగా ఇచ్చింది. మరుసటి ఏడాది ‘సిండికేట్’ వచ్చాక, 2016లో ప్రధాన భాగం ఉండదని ఆ సంస్థే ప్రకటించి, 2017లో ‘ఆరిజిన్స్’తో తిరిగి వచ్చింది. అంటే ఆటగాళ్ల అలసటను తయారీదారులే గుర్తించి ఆగిన సందర్భం మీ సిరీస్‌లోనే ఉంది. మీరు ఈరోజు ఆగితే అది అపచారం ఎలా అవుతుంది?

ఆ విరామం మేలు చేసింది. ‘ఆరిజిన్స్’లో పోరాట పద్ధతి మారింది, గోపురం ఎక్కితే మ్యాప్ నిండా గుర్తులు పరుచుకునే ఆచారం పోయింది, పరిసరాలను సేను అనే డేగ కళ్లతో వెతుక్కునే పద్ధతి వచ్చింది. అయితే ఆ మార్పుతో పాటు పాత్ర బలాన్ని కొలిచే లెవెళ్లు, ఆయుధాల శ్రేణులు, విశాలమైన ప్రాంతాలు కూడా వచ్చాయి. ‘ఆడిసీ’లోనూ ‘వాల్‌హల్లా’లోనూ అవి పెరుగుతూ పోయాయి. నిడివి పెంచడం కొత్తదనం తేవడం కన్నా సులభం. ‘ఇంతకన్నా పెద్ద ప్రపంచం’ అని ప్రకటనలో చెప్పడం తేలిక, కొత్త ఆలోచనను ఒక్క వాక్యంలో చెప్పడం కష్టం. విసుగెత్తిన ఆటగాడికి మరింత ఎక్కువ వడ్డించడమే పరిష్కారమని సంస్థలు భావించడం ఈ రంగంలో జరుగుతున్న పెద్ద పొరపాటని నేను నమ్ముతున్నాను. 2023లో ‘మిరాజ్’ను బాగ్దాద్ నగరానికి పరిమితం చేసి, పాత భాగాల తరహాలో చిన్నదిగా తీర్చిదిద్దడం చూస్తే, ఈ సంగతి వారికీ కొంత అర్థమైనట్టే ఉంది.

మీ సిరీస్ ఒక్కటే కాదు ఈ దశను చూసింది. గిటార్ ఆకారపు కంట్రోలర్‌తో పాటలు వాయించే ‘గిటార్ హీరో’ 2005లో మొదలై ఇళ్లల్లో పండుగ వాతావరణం తెచ్చింది. 2009 ఒక్క ఏడాదిలోనే ఆ పేరుతోనూ దాని అనుబంధంగానూ అరడజను దాకా గేమ్‌లు మార్కెట్లోకి వచ్చాయి; 2011 ఫిబ్రవరి నాటికి దాని ప్రచురణ సంస్థ యాక్టివిజన్ ఆ విభాగాన్నే మూసేసింది. యుద్ధ గేమ్‌ల సిరీస్ ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ 2005 నుంచి ఏటా వస్తూ, 2016లో ‘ఇన్ఫినిట్ వార్‌ఫేర్’ను అంతరిక్షంలోకి తీసుకువెళ్లినప్పుడు, దాని మొదటి ట్రైలర్‌కు యూట్యూబ్‌లో లక్షల సంఖ్యలో అయిష్టాలు వచ్చిపడ్డాయి. మరుసటి ఏడాది ఆ సిరీస్ తిరిగి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లింది. భయానక గేమ్‌ల సిరీస్ ‘రెసిడెంట్ ఈవిల్’ 2012 నాటి ఆరో భాగంలో నాలుగు కథలతో, పేలుళ్లతో ఉబ్బిపోయి, 2017 నాటి ఏడో భాగంలో ఒక పాడుబడ్డ ఇంట్లోకి, ఒకే మనిషి కళ్లతో చూసే దృశ్యంలోకి కుదించుకుని మళ్లీ భయపెట్టగలిగింది. ఈ ఉదాహరణలలో నాకు అత్యంత ప్రీతికరమైనది ఈ చివరిదే. సిరీస్ కోలుకోవడానికి పెరగవలసిన అవసరం లేదని, తగ్గినా చాలునని అది నిరూపించింది.

మార్పు కోరుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మార్పు ఎవరో ఒకరిని నొప్పించకుండా రాదు. 2017లో ‘జెల్డా’ సిరీస్‌లో వచ్చిన ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’, ముఖ్యమైన శక్తులన్నీ ఆరంభంలోనే చేతికిచ్చి, కావాలంటే నేరుగా చివరి శత్రువు దగ్గరికే వెళ్లమంది. ఒక్కొక్క గుహలో ఒక్కొక్క సాధనం సంపాదించుకునే పాత క్రమాన్ని ప్రేమించినవారు ఆ క్రమాన్ని పోగొట్టుకున్నారు. ఆయుధాలు విరిగిపోవడం చాలామందికి మింగుడుపడలేదు. 2018 నాటి ‘గాడ్ ఆఫ్ వార్’ కెమెరాను కథానాయకుడు క్రేటోస్ భుజం వెనక్కి తెచ్చి, అతడి చేతికి గొడ్డలి ఇచ్చి, పక్కన కొడుకును నిలబెట్టింది. ‘యకూజా’ సిరీస్ 2020లో పిడిగుద్దుల పోరాటాన్ని వదిలి వంతులవారీ పోరాటానికి మళ్లింది. ‘సివిలైజేషన్’ తయారుచేసే ఫిరాక్సిస్ సంస్థలో ఒక ప్రసిద్ధ సూత్రం ఉంది. కొత్త భాగంలో మూడో వంతు యథాతథంగా ఉంచాలి, మూడో వంతు మెరుగుపరచాలి, మూడో వంతు పూర్తిగా కొత్తగా ఉండాలి అన్నది దాని సారాంశం. అయితే ఏ మూడో వంతు ఏదన్న విషయంలో ఇద్దరు అభిమానులు ఏకాభిప్రాయానికి రారు. కనుక మీరు ముందుగా తేల్చుకోవలసినది, ‘అసాసిన్స్ క్రీడ్’లో మీకు పోకూడనిది ఏమిటి అన్నది. చాటుగా సాగే వేటా? చరిత్రలోని నగరాలలో తిరగడమా? ఎజియో వంటి ఒక మనిషి జీవితాన్ని యవ్వనం నుంచి ముసలితనం దాకా అనుసరించడమా? మూడోదే మీ జవాబైతే, రాబోయే భాగాల్లో పోరాటం ఎంత మెరుగైనా మీ వెలితి తీరదు. ఈ ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసుకోండి; కొనేముందు అది మీకు పనికొస్తుంది.

ఇక ‘వాల్‌హల్లా’ సంగతి. దాన్ని పూర్తి చేయాలన్న నియమం ఎక్కడా లేదు. ‘ఇంతసేపు ఆడాను కదా, వదిలేస్తే ఆ సమయమంతా వృథా’ అన్న ఆలోచన సహజమే కానీ, గడిచిన గంటలు మీరు పూర్తి చేసినా తిరిగి రావు, చేయకపోయినా పోవు; వాటిలో పొందిన ఆనందం ఎప్పుడో మీదైపోయింది. అయినా కథ ఏమైందో తెలుసుకోవాలన్న కోరిక మిగిలి ఉంటే, ఆ గేమ్ నిర్మాణమే మీకు ఒక దారి చూపుతోంది. మీ పాత్ర స్థావరమైన రావెన్స్‌థోర్ప్‌లోని పెద్ద ఇంట్లో మీ దళానికి చెందిన రాండ్వీ మ్యాప్ బల్ల దగ్గర నిలబడి ఉంటుంది. అక్కడ ఒక ప్రాంతం ఎంచుకుంటారు, ఆ ప్రాంతపు కథ నడుస్తుంది, పూర్తయ్యాక తిరిగి వచ్చి ఆమెకు చెబుతారు. ఒక్కొక్క ప్రాంతం తనకు తానుగా ఒక చిన్న నవల వంటిది. కాబట్టి దాన్ని ఒకే మహాగ్రంథంగా భావించి ముగింపు వైపు పరుగెత్తకుండా, ఒక ప్రాంతం ఆడి, రాండ్వీకి కబురు చెప్పి, అక్కడ ఆపేయండి. వారం తర్వాతో, నెల తర్వాతో మనసైతే మరొకటి ఆడండి. ఏ ప్రాంతం ఎంచుకోవాలో తెలియకపోతే మీ పాత్రకు పెంపుడు అన్న అయిన సిగుర్డ్ కథను ముందుకు నడిపేవాటికి ప్రాధాన్యమివ్వండి, ప్రధాన కథకు వెన్నెముక అదే. తెరపై కనిపించే సూచనలను సెట్టింగ్స్‌లో ఒక్కొక్కటిగా ఆపివేసే వీలుంది. ఆ చుక్కలను కళ్ల ముందు నుంచి తొలగించండి. ఒకే వేటుతో హత్య పూర్తయ్యేలా చేసే ఎంపిక కూడా ఆ సెట్టింగ్స్‌లోనే ఉంది. పాత భాగాల్లోని చాటు వేటకు అలవాటుపడిన మీ చేతికి దానివల్ల చాలా చిరాకు తప్పుతుంది. ఆటలోని లక్ష్యాలకు ఇచ్చే ట్రోఫీలన్నీ పూర్తి చేసే అలవాటు ఉంటే ఈ ఒక్క ఆటకు దాన్ని పక్కన పెట్టండి. ఈ ఏర్పాటు తర్వాత కూడా ఒక ప్రాంతం దాటేసరికి నీరసమే వస్తే, నిస్సంకోచంగా ఆ గేమ్‌ను కన్సోల్‌లోంచి తొలగించండి. సేవ్ ఫైల్ భద్రంగా ఉంచుకోండి, అంతే.

‘షాడోస్’ను ఇప్పుడు ఆడకండి. కొన్నాం కదా అని బలవంతంగా ఆడితే, నచ్చే అవకాశం ఉన్న ఆటను కూడా పాడుచేసుకున్నవారవుతారు. విడుదలైన తర్వాత కొంతకాలానికి గేమ్‌లు అప్‌డేట్‌లతో మెరుగుపడతాయి కాబట్టి, ఆలస్యం వల్ల మీకు నష్టం లేదు. కొన్ని నెలల తర్వాత తెరిచినప్పుడు ఒక ప్రయత్నం చేసి చూడండి: అందులోని ఇద్దరు ప్రధాన పాత్రల్లో యసుకేతో కాక, వీలైనంత వరకు నవోయేతోనే ఆడండి. యసుకే బలంతో సాగే పోరాటంలో ‘వాల్‌హల్లా’లో మిమ్మల్ని అలసింపజేసిన ధోరణి కొంత కనిపిస్తుంది, నవోయే మాత్రం నీడల్లో నక్కి, దీపాలు ఆర్పి, చప్పుడు కాకుండా కదులుతుంది. దీపం ఆర్పాలా వద్దా అన్న చిన్న నిర్ణయం దగ్గర మీ మనసు మేల్కొంటుందో లేదో గమనించండి. మేల్కొంటే ఆట మీకోసం ఇంకా ఉన్నట్టే.

ఈ మధ్యకాలంలో ఏమి ఆడాలని మీరు అడగలేదు కానీ, చెప్పకుండా ఉండలేను. అలసిన ఆటగాళ్లు తరచు ఒక సిరీస్ వదిలి, అదే అచ్చులో పోసిన విశాల ప్రపంచంలో స్వేచ్ఛగా తిరిగే మరో ఓపెన్ వరల్డ్ గేమ్‌లోకి వెళ్లి, రెండు వారాల్లో మళ్లీ అదే నీరసంలో పడతారు. మ్యాప్, చుక్కలు, లెవెళ్లు లేని దిక్కుకు వెళ్లండి. 2018లో వచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ద ఓబ్రా డిన్’లో ఒక ఖాళీ ఓడ మీద 60 మందికి ఏమైందో తర్కంతో తేల్చాలి. 2019లో వచ్చిన ‘అవుటర్ వైల్డ్స్’లో ఆయుధాలు ఉండవు, శక్తులు పెరగవు, ఆటలో మీతో పాటు పెరిగేది మీకు తెలిసిన విషయం మాత్రమే. ఈ రెండింటిలో ఏదైనా ఒకటి పూర్తి చేసి, ఆ తర్వాత మీ పాత సిరీస్ వైపు చూడండి. మీకు ఏది లోటుగా ఉండిందో నా మాటల కన్నా స్పష్టంగా అవి చెబుతాయి.

అనుబంధం గురించి మీరు రాసిన వాక్యాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. ఏడాదికి ఒకసారి వచ్చే ఆట చుట్టూ స్నేహాలు, సెలవులు, జీవితంలోని దశలు అల్లుకుపోతాయి. దాన్ని వదలడమంటే వాటిని కూడా వదిలినట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అయితే మీ అనుబంధం ఎజియోతో, ఫ్లోరెన్స్‌తో, మీతో కలిసి ఆడినవారితో. విడుదల తేదీల పట్టికతో కాదు. పట్టిక నుంచి తప్పుకున్నంత మాత్రాన మిగిలినవేవీ పోవు. ‘అన్నీ ఆడినవాడు’ అన్న పేరు నిలుపుకోవడం కోసం ఆడే ఆటలో ఆనందం ఉండదు. ఇకపై ప్రతి భాగాన్నీ కొనాలన్న కట్టుబాటు నుంచి మిమ్మల్ని మీరు విడుదల చేసుకోండి. రెండు భాగాలు వదిలి మూడోది ఆడితే మధ్యలో జరిగిన మార్పులు కలిసి వచ్చి, ఏటా ఆడేవారికి దక్కని కొత్తదనం మీకు దక్కుతుంది.

కొనుగోలు విషయంలో గట్టిగా చెప్పదలచినది ముందస్తు బుకింగ్ చేయవద్దని. ట్రైలర్ చూసేటప్పుడు దేశం, కాలం, దుస్తులు మారాయా అని చూడకండి, అవి ప్రతిసారీ మారతాయి. కథానాయకుడి చేతులు ఇంతకుముందు చేయని పని ఏదైనా చేస్తున్నాయా, ఆ పని ఆటగాడిని ఆలోచింపజేసేలా ఉందా అని చూడండి. మీరు కాగితం మీద రాసుకున్న జవాబుతో దాన్ని సరిపోల్చండి. పీసీ మీద ఆన్‌లైన్ గేమ్ దుకాణమైన స్టీమ్‌లో కొనేటట్టయితే, కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడిగే సౌకర్యం ఉంది. ఇంత పెద్ద గేమ్‌లలో మొదటి రెండు గంటలు ఉపోద్ఘాతానికే సరిపోతాయి కాబట్టి అది పూర్తి రక్షణ కాదు గానీ, మ్యాప్ చూడగానే నీరసం వచ్చే మీవంటివారికి ఆ సమయం బాగానే సరిపోతుంది.

చివరగా మీ తమ్ముడు. ‘ఇది పాతదే, ఫలానా భాగంలో ఇంతకన్నా బాగుండేది’ అన్న మాట నాలుక చివరి దాకా వస్తుంది, రానివ్వకండి. మీకు 2009లో దక్కిన అనుభవం వాడికి ఇప్పుడు దక్కుతోంది. దాన్ని మీ కొలతతో కొలిచి చిన్నబుచ్చడం న్యాయం కాదు. అలాగని లేని ఉత్సాహం నటించవలసిన పనీ లేదు, తమ్ముళ్లు ఇట్టే కనిపెట్టేస్తారు. వాడు ఆడుతుంటే పక్కన కూర్చుని, ఏ దారిన లోపలికి వెళ్తున్నావు, ఎందుకు ఆ దారి ఎంచుకున్నావు అని అడగండి. వాడి జవాబులు వింటుంటే మీరు ఎప్పుడో అలవాటుగా మార్చేసుకున్న పనులు వాడికి ఇంకా నిర్ణయాలుగానే ఉన్నాయని కనిపిస్తుంది, మీకు కూడా ఆసక్తి కలగవచ్చు. పాత భాగాల ప్రస్తావన వాడే తెస్తే, మొదటి భాగంతో మొదలుపెట్టమని చెప్పకండి. దాని దర్యాప్తు మిషన్లు ఒకే మూసలో ఉండి ఇప్పటివారిని త్వరగా అలసింపజేస్తాయి. రెండో భాగంతో మొదలుపెట్టమనండి. ఎజియో కథ మూడు భాగాలూ కలిపి 2016లో పీఎస్4కూ, ఎక్స్‌బాక్స్ వన్‌కూ సంకలనంగా విడుదలయ్యాయి కాబట్టి పాత కన్సోల్ వెతుక్కోవలసిన అవసరం ఉండదు. ఈకల సంగతి మాత్రం ముందే చెప్పేయకండి.